ఆకు రాలని చెట్టు కింద

1998 జనవరిలో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, మిన్నియాపొలిస్‌లో దిగినప్పుడు నా పెట్టెల్లో కందిపొడి ఉంది, ఆవకాయ ఉంది, గోంగూర పచ్చడి ఉంది, పద్నాలుగు చీరలున్నాయి. చలికోటు మాత్రం లేదు. విజయవాడలో కొన్న స్వెట్టరు ఒకటి తొడుక్కుని, అదే ఎక్కువనుకుంటూ వచ్చాను. విమానాశ్రయం తలుపు దాటగానే ముక్కులో సన్నగా ఏదో గుచ్చుకున్నట్టయింది. ముక్కులోని తడి గడ్డకట్టడమట అది. మావారు ఎవరినో అడిగి తెచ్చిన కోటు నా భుజాల మీద కప్పారు. అది చీలమండల దాకా వచ్చింది. ఆ చలికాలమంతా ఆ కోటులోనే గడిచిపోయింది.

మా అపార్ట్‌మెంటు రిచ్‌ఫీల్డ్‌లో. మావారిది వైటూకే పని, అంటే 2000 సంవత్సరం వచ్చేలోపు పాత కంప్యూటర్ ప్రోగ్రాముల్లో తేదీలు సరిదిద్దడం. పొద్దు పొడవకముందే వెళ్ళి, పొద్దు గుంకాక వచ్చేవారు. అక్కడ జనవరిలో సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుంది కాబట్టి ఆయన మరీ ఆలస్యంగా వచ్చేవారని నింద వేయలేను. నాది ఉద్యోగం చేయడానికి వీల్లేని వీసా. కారు నడపడం రాదు. ఫోను కార్డులో నిమిషాలు లెక్కపెట్టుకుని ఆదివారం ఒక్కసారి ఇంటికి మాట్లాడేదాన్ని. మిగతా ఆరు రోజులూ కిటికీ. కిటికీ బయట మంచు, ఆ మంచు మీద ఒక కాకి కూడా ఉండేది కాదు. పదిహేను రోజులు తిరిగేసరికి వంట చేస్తూ గిన్నెలతో పైకే మాట్లాడుతున్నానని గమనించి భయపడ్డాను.

మర్నాడే ఆ పొడుగు కోటు వేసుకుని, అరవైయారో వీధి వెంట పడమటి వైపు నడవడం మొదలుపెట్టాను. ఆ దారిలో ఏదో షాపింగ్ సెంటర్ ఉందని మావారు చెప్పారు. పావుగంట నడిచాక, కార్ల మైదానం మధ్య, కిటికీలు లేని గోడలతో పెద్ద గోదాము లాంటి కట్టడం కనిపించింది. మా ఊళ్ళో ధాన్యం గోదాములే ఇంతకన్నా కళగా ఉంటాయి అనుకున్నాను. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళగానే కళ్ళద్దాల మీద ఆవిరి కమ్మేసి ఏమీ కనపడలేదు. వాటిని తీసి, కొంగు లేదు కనుక కోటు అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాను.

అప్పుడు కనిపించింది సౌత్‌డేల్.

రెండంతస్తులుగా దుకాణాలు, మధ్యలో విశాలమైన ఆవరణ, పైనుంచి దిగుతున్న పగటి వెలుగు. ఆ వెలుగులో బంగారు రంగు లోహపు రేకులతో చేసిన చెట్లు, పైఅంతస్తును దాటి ఎదిగినట్టున్నాయి. వాటి దగ్గర బెంచీలు. బెంచీల మీద ముసలివాళ్ళు కూర్చుని కాఫీ తాగుతూ తీరిగ్గా మాట్లాడుకుంటున్నారు. నేనొక చివర కూర్చున్నాను. ఏదైనా కొనకపోతే లేవమంటారేమోనని భయం. అరగంట గడిచింది, ఎవరూ ఏమీ అనలేదు. గంట గడిచింది. అయినా మనసు ఆగక, న్యాయంగా ఉండాలని, వెళ్ళి ఒక చిన్న కాఫీ కొనుక్కుని వచ్చి మళ్ళీ అక్కడే కూర్చున్నాను. ఆ కాఫీ ఘోరంగా ఉంది. మర్నాడు మళ్ళీ వెళ్ళాను.

ఆ చలికాలంలో నేను అక్కడ కొన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఒక జత చేతి తొడుగులు, ఒక ఉన్ని టోపీ, పిల్లజడలకు పెట్టుకునే క్లిప్పులు నాలుగు. కానీ నాన్నకు ఏరోగ్రాములన్నీ ఆ చెట్ల కింద కూర్చునే రాశాను. మా నాన్న లెక్కల మాస్టారు. నేను రాసిన ఆరు పేరాల వర్ణనకు ఆయన జవాబు ఇలా వచ్చింది: "అమ్మాయీ, కుశలం. ఆ మాల్ పొడవెంత, వెడల్పెంత, ఎన్ని కొట్లు, ఎవరు కట్టించారు, ఎంతయింది? వివరంగా రాయగలవు."

వివరాల కోసం నేను దగ్గర్లో ఉన్న యార్క్ అవెన్యూ లైబ్రరీకి వెళ్ళాను. నేను కాలక్షేపానికి కూర్చున్న ఆ బెంచీ మామూలు చోట లేదని అప్పుడే తెలిసింది. అమెరికాలో నాలుగు వైపులా మూసి, లోపల వేడినీ చల్లదనాన్నీ అదుపులో పెట్టి, ఊరి శివార్లో కట్టిన షాపింగ్ మాళ్ళన్నిటికీ సౌత్‌డేల్ పెద్దక్క. 1956 అక్టోబరు 8న తెరిచారు. మొదటి రోజే 75 వేల మంది వచ్చారట. 72 దుకాణాలు, 5,200 కార్లు నిలిపే చోటు, రెండు కోట్ల డాలర్ల ఖర్చు. ఈ అంకెలన్నీ నీలం ఏరోగ్రాము మడతల్లోకి కూడా ఎక్కించి పంపాను. నాన్న వాటిని మా వీధిలో అందరికీ చదివి వినిపించారని అమ్మ చెప్పింది.

కట్టించింది డేటన్ కుటుంబం. మిన్నియాపొలిస్ నడిబొడ్డున నికొలెట్ అవెన్యూలో వాళ్ళకు పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోరు ఉండేది. యుద్ధం తరువాత జనం కార్లు కొనుక్కుని ఊరి బయటికి ఇళ్ళు మార్చుకుంటుంటే, ఆ వెనకే దుకాణమూ వెళ్ళాలనుకున్నారు. ఇక్కడొక విచిత్రం ఉంది. వాళ్ళు తమ కొట్టు ఒక్కటే పెట్టుకోలేదు. బద్ధశత్రువైన డొనాల్డ్‌సన్స్‌ను కూడా పిలిచి రెండో వైపున కూర్చోబెట్టారు. ఇది చదివి నేను ఆశ్చర్యపోయాను కానీ నాన్న ఆశ్చర్యపోలేదు. "ఇందులో వింతేముంది? మన వన్ టౌన్ వస్త్రలతలో వందలాది బట్టల కొట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని లేవా? ఒక్క కొట్టు ఉంటే గిరాకీ రాదు, నలభై ఉంటే ఊళ్ళకు ఊళ్ళు వస్తాయి" అని రాశారు. ఇంకో ఉత్తరంలో ఆయనకు బాగా నచ్చిన అంకె గురించి రాశారు. మిన్నెసోటాలో బయట తిరిగి బజారు చేయడానికి అనువైన రోజులు ఏడాదికి 126 మాత్రమేనని డేటన్ వాళ్ళు లెక్క వేయించుకున్నారని నేను రాశాను కదా, దానికింద ఎర్ర సిరాతో "365 - 126 = 239. మిగిలిన 239 రోజుల కోసం కట్టారన్నమాట" అని రాసి గీత గీశారు. పరీక్ష పేపరు దిద్దినట్టే.

దాని రూపశిల్పి పేరు విక్టర్ గ్రుయెన్. ఈయన గురించి చదివినప్పుడు మాత్రం లెక్కలు పక్కకు పోయాయి. వియన్నాలో 1903లో పుట్టిన యూదుడు. సాయంత్రాలు నాటకాలు, హాస్య ప్రదర్శనలు వేసేవాడు. 1938లో నాజీలు ఆస్ట్రియాను మింగేసినప్పుడు తప్పించుకుని న్యూయార్కు చేరాడు. జేబులో ఎనిమిది డాలర్లున్నాయని, ఇంగ్లీషు రాదని చెబుతారు. అలాంటి మనిషికి అమెరికా శివారు ఊళ్ళు చూస్తే ఏమనిపించి ఉంటుందో నాకు బాగా తెలుసు. ఇళ్ళుంటాయి, గడ్డి ఉంటుంది, కార్లుంటాయి, మనిషి ఉండడు. వియన్నా చౌకుల్లో కాఫీ తాగుతూ నలుగురితో వాదించుకున్నవాడు ఇక్కడ ఆ నలుగురూ కలిసే చోటు లేదని గుర్తించి, గోడలు కట్టి, కప్పు వేసి, లోపల ఆ చౌకును తయారుచేయాలనుకున్నాడు. సౌత్‌డేల్ నడిమి ఆవరణకు పెట్టిన పేరుకు తెలుగు చెప్పాలంటే నిత్యవసంత ఉద్యానం. అందులో చేపల కొలను, వేలాడే మొక్కలు, 21 అడుగుల ఎత్తు పంజరంలో రంగురంగుల పక్షులు, కూర్చుని తాగడానికి కాఫీ కొట్టు. ఆ బంగారు చెట్లను చేసిన శిల్పి హ్యారీ బెర్టోయా కూడా ఇటలీ నుంచి వలస వచ్చినవాడే.

ఇంతా చేసి ఆయన అసలు పథకం మాల్ కాదు. 463 ఎకరాల్లో ఇళ్ళు, బడి, ఆసుపత్రి, పార్కు, చెరువు, వాటి మధ్యలో ఈ బజారు. ఒక ఊరు కట్టాలన్నది కల. చివరికి మిగిలింది బజారు, దాని చుట్టూ కార్ల సముద్రం. పక్కన భూముల ధర పెరిగింది, ఎవరికి తోచింది వాళ్ళు కట్టుకున్నారు. 1965లో ఆసుపత్రి మాత్రం వచ్చింది. ఆ ఏడాదే కాదు, ఆ దశకమంతా అమెరికా నలుమూలలా మాళ్ళు పుట్టగొడుగుల్లా లేచాయి. కొత్త కట్టడాల తరుగుదలను మొదటి ఏళ్ళలోనే ఎక్కువగా చూపించుకుని పన్ను తగ్గించుకునే వీలును 1954 చట్టం కల్పించడం అందుకు ఒక పెద్ద కారణం. చౌకు కోసం కట్టేవాళ్ళు తక్కువ, పన్ను కోసం కట్టేవాళ్ళు ఎక్కువ అయ్యారు. గ్రుయెన్‌కు అది నచ్చలేదు. 1968లో వియన్నా తిరిగి వెళ్ళిపోయాడు. ఆ మాళ్ళకు తనను తండ్రిగా చెప్పవద్దని, వాటి పోషణ ఖర్చు తాను పెట్టుకోనని పబ్లిగ్గా అన్నాడు. పాపం, ఆయన 1980లో పోయేలోపే వియన్నా దక్షిణాన కూడా ఒక పెద్ద మాల్ లేచింది.

ఫ్రాంక్ లాయిడ్ రైట్ సంగతి చెప్పకపోతే నాన్న ఆత్మ శాంతించదు. సౌత్‌డేల్ తెరిచిన రెండు నెలల లోపే ఆ మహా వాస్తుశిల్పి చూడటానికి వచ్చి, ఇది రైల్వే స్టేషనా, బస్సు స్టేషనా అని అడిగి, పల్లె వీధిలోని చెడుగులన్నీ ఉన్నాయి కానీ దాని అందం ఒక్కటీ లేదని తేల్చి వెళ్ళిపోయాడు. నాన్న దీనికి రాసిన జవాబు ఒకే వాక్యం: "ఆయన ఎంతసేపు కూర్చున్నాడో కనుక్కో."

నాన్న స్వయంగా కూర్చునే రోజు 2001 డిసెంబరులో వచ్చింది. నాకు పురుడు. అమ్మానాన్నా ఇద్దరూ వచ్చారు. ఆరు నెలల వీసా, అందులో నాలుగు నెలలు మంచు. తొలి వారం నాన్న ఉదయం ఐదింటికి లేచి, మంకీ క్యాప్ పెట్టుకుని, శాలువా చుట్టుకుని, తలుపు తీసి, ఒక్క అడుగు వేసి, తిరిగి వచ్చి తలుపు వేసేవారు. రైవస్ కాలువ గట్టు మీద ముప్పై ఏళ్ళు నడిచిన మనిషి. డాక్టరు రోజూ రెండు మైళ్ళు నడవమన్నాడు. ఆ అపార్ట్‌మెంటులో వంటింటికీ పడకగదికీ మధ్య రెండు మైళ్ళు నడవడం ఎలాగో లెక్కల మాస్టారికి కూడా తెలియలేదు.

అలా నాన్నను సౌత్‌డేల్‌కు తీసుకెళ్ళాం. దుకాణాలు తెరవడానికి చాలా ముందే నడిచేవాళ్ళ కోసం మాల్ తలుపులు తీసి ఉంచేవారు. కొట్ల షట్టర్లు ఇంకా మూసే ఉంటాయి, దీపాలు సగమే వెలుగుతుంటాయి, ఆ నిశ్శబ్దంలో డెబ్బై దాటిన తెల్లవాళ్ళు తెల్లని బూట్లు వేసుకుని, గోడవారగా బారులు తీరి, చకచకా నడుస్తుంటారు. నాన్న వాళ్ళను చూసి "గిరి ప్రదక్షిణ చేస్తున్నారా?" అని అడిగారు. తరువాత తనూ కలిశారు.

మొదటి పని కొలవడం. కింది అంతస్తు ఒక చివరినుంచి రెండో చివరిదాకా వెళ్ళి, జేసీ పెన్నీలో ఎస్కలేటర్ ఎక్కి, పైఅంతస్తు మీదుగా తిరిగి వచ్చి దిగితే ఒక చుట్టు. పదకొండు వందల చిల్లర అంగలు. అలాంటివి ఐదు చుట్టితే రెండు మైళ్ళ పైమాట. కొట్టు తెరవకముందు ఎస్కలేటర్ దొరకదు కనుక మొదటి రెండు చుట్లు వరండాలోనే తిరిగి, ఆ తగ్గిన అంగలను తరువాత కలుపుకునేవారు. చుట్లు మరిచిపోకుండా, అమ్మ చారు కోసం పిసికిన చింతపండులో దొరికిన గింజలు ఐదు కడిగి ఆరబెట్టి కోటు ఎడమ జేబులో వేసుకునేవారు. చుట్టు పూర్తయితే ఒక గింజ కుడి జేబులోకి. ఐదూ మారితే ఇంటికి.

అమ్మ నడిచేది కాదు. చీర మీద స్వెట్టరు, స్వెట్టరు మీద కోటు, కాళ్ళకు మేజోళ్ళు, నా తెల్ల బూట్లు. ఆ వేషంలో బంగారు చెట్ల కింద కూర్చుని మనుషుల్ని చూసేది. అమ్మ పుట్టిల్లు కోనసీమ. రెండో రోజో మూడో రోజో తలెత్తి పైకప్పులోంచి వస్తున్న వెలుగు చూసి, "ఇది మా తాతగారి మండువా లోగిలే కదే. బయటికి గోడలే కనపడతాయి, లోపల అన్ని గదులూ మధ్య వాకిలిలోకి తెరుచుకుంటాయి. వాన పడకుండా పైన మూశారు, అంతే" అంది. పుస్తకాల్లో ఈ కట్టడం అంతర్ముఖంగా ఉందని పేజీలకు పేజీలు రాసి ఉన్న విషయం అమ్మకు రెండు రోజుల్లో అర్థమైంది.

ఆ చెట్ల గురించి మాత్రం ఇద్దరికీ వాదన. ఆకు రాలని చెట్టు చెట్టే కాదని అమ్మ. రాలకపోవడమే దాని సుగుణం, ఊడ్చేపని లేదు అని నాన్న. మాకు రచ్చబండ ఉంటే దాని మీద రావిచెట్టు ఉంటుంది, వీళ్ళకు ఇత్తడి రేకుల చెట్టు, అంతే తేడా అని చివరికి రాజీ.

రచ్చబండ అన్నమాట ఊరికే రాలేదు. జనవరి చివరికి ఆ బెంచీ దగ్గర నిజామాబాదు నుంచి వచ్చిన ఒక రిటైర్డు తహశీల్దారు గారు, కాకినాడ నుంచి వచ్చిన దంపతులు, కర్నూలు నుంచి మనవడిని చూసుకోవడానికి వచ్చిన ఒక పెద్దమ్మ గారు చేరారు. అందరి కథా ఒకటే. పిల్లలు ఆఫీసుకు వెళతారు, తమకు కారు నడపడం రాదు, బయట మంచు. పొద్దున్నే కొడుకో అల్లుడో దింపి వెళతాడు, మధ్యాహ్నం కూతురో కోడలో వచ్చి తీసుకెళుతుంది. మధ్యలో ఫుడ్‌కోర్టు బల్ల మీద డబ్బాల్లోంచి పులిహోర, పెసరపప్పు కిచిడీ, మాగాయ తీసి పంచుకునేవారు. ఘాటుకు పక్క బల్లవాళ్ళు తుమ్మితే మావాళ్ళు ఏకకంఠంతో "చిరంజీవ" అనేవారు. పింఛను, మోకాళ్ళ నొప్పులు, అల్పపీడనాలు, ఎన్నికలు, ఏ ఇంట్లో కోడలు ఎలాంటిది, అన్నీ అక్కడే తేలిపోయేవి. ఆ ఏడాది ఆ బెంచీ మీద నుంచి రెండు సంబంధాలు మాట్లాడారని, ఒకటి కుదిరిందని నాకు ఆలస్యంగా తెలిసింది.

నాన్నకు అక్కడ ఒక తెల్ల స్నేహితురాలు కూడా ఉండేది. ఎదురుగా ఉన్న ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన పెద్దావిడ, పూర్వీకులు నార్వే వాళ్ళు. ఆవిడ 1956లో మాల్ తెరిచిన కొత్తలో తల్లి చెయ్యి పట్టుకుని వచ్చి ఆ పక్షుల పంజరం ముందు నుంచి కదలనని మొండికేసిందట. సౌత్‌డేల్‌లోని పెద్ద కొట్టు పేరు 2001లో డేటన్స్ నుంచి మార్షల్ ఫీల్డ్స్‌గా మారింది. ఆవిడ మాత్రం డేటన్స్ అనే అనేది. తరువాత 2006లో అది మేసీస్ అయినా డేటన్స్ అనే అంది. నాన్నకు ఇది వెంటనే అర్థమైంది. మా ఊళ్ళో మహాత్మా గాంధీ రోడ్డును బందరు రోడ్డు తప్ప మరో పేరుతో పిలిచేవాడు ఇప్పటికీ పరాయి ఊరివాడే. ఆవిడ నాన్నకు ఒక నార్వే మాట నేర్పింది: "ఉఫ్ డా". అలసట వచ్చినా, విసుగు వచ్చినా, చలి ఎక్కువైనా మిన్నెసోటా పాతకాపులు అనే మాట. ఇది తెలుగే అని నాన్న వాదించేవారు. విజయవాడ వెళ్ళాక మే నెల ఎండలో కరెంటు పోయినప్పుడల్లా విసనకర్ర ఊపుకుంటూ "ఉఫ్ డా" అనేవారని అమ్మ చెప్పేది.

వాళ్ళకు మాల్ ఆఫ్ అమెరికా చూపించలేదా అని మీరు అడుగుతారు. చూపించకుండా ఎలా ఉంటాం? మిన్నెసోటాలో బట్టల మీద అమ్మకం పన్ను లేదు, పక్క రాష్ట్రాల నుంచి వచ్చిన మన చుట్టాలకు తొలి మొక్కు అక్కడే. 1992 ఆగస్టు 11న బ్లూమింగ్టన్‌లో పాత స్టేడియం స్థలంలో తెరిచిన ఆ మహా మాల్ లోపల రోలర్ కోస్టరే తిరుగుతుంది. అంత చలిలోనూ నడిమి భాగానికి ప్రత్యేకంగా వేడి పెట్టరని, పైనుంచి పడే ఎండ, దీపాలు, జనం ఒంటి వేడి కలిసి చాలుతాయని చెబితే నాన్న చాలాసేపు ఆగి జనాన్ని లెక్కపెట్టారు. బయటికి వచ్చాక తీర్పు చెప్పారు: "ఇది తిరనాళ్ళు. ఏడాదికోసారి రావాలి. అది ఊరు."

ఆ ఊరు మెల్లగా చిక్కిపోతూ ఉండటం మేము గమనించలేదు. రోజూ చూసే మనిషి సన్నబడితే తెలియదు కదా. డొనాల్డ్‌సన్స్ ఎప్పుడో చేతులు మారి మారి, ఆ చివరి కొట్టు మెర్విన్స్‌గా ఉండి, 2004లో అదీ మూతపడింది. ఈ మాల్‌కు చెల్లెళ్ళు మూడు: బ్రూక్‌డేల్, రోజ్‌డేల్, రిడ్జ్‌డేల్. మిన్నియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల నాలుగు దిక్కులా డేటన్ వాళ్ళే వేసిన నాలుగు మేకులు. వాటిలో 1962లో తెరిచిన బ్రూక్‌డేల్ 2010లో మూతపడింది, మర్నాటి ఏడాది పడగొట్టేశారు. అదే 1962లో డేటన్ వాళ్ళు రోజ్‌విల్‌లో చవక సరుకుల కొట్టు ఒకటి తెరిచారు. దాని పేరు టార్గెట్. తల్లి కొట్టు పేరు చెరిగిపోయింది కానీ ఆ బిడ్డ దేశమంతా విస్తరించి, బెంగళూరులో కూడా ఆఫీసు పెట్టింది. వైటూకే పని అయిపోయాక మావారు చేరింది కూడా అక్కడే. కాబట్టి సౌత్‌డేల్ కట్టిన వాళ్ళ ఉప్పు ఇరవై ఏళ్ళుగా మా ఇంట్లో ఉంది. నాకింకో సంగతి ఇష్టం: అమెరికా మాళ్ళలో పుస్తకాల కొట్టంటే ఒకప్పుడు గుర్తొచ్చే బి. డాల్టన్ మొదటి కొట్టు డేటన్ కుటుంబం 1966లో తెరిచింది సౌత్‌డేల్‌లోనే. డేటన్‌లో ఒక అక్షరం అటూ ఇటూ చేసి ఆ పేరు పెట్టారు.

నాన్న 2006లో మళ్ళీ వచ్చారు, 2011లో మరోసారి వచ్చారు. చింతగింజలు ఇంట్లో డబ్బాలో అలాగే ఉంచాను. 2011లో మాల్‌లో సగానికి పైగా మరమ్మతు తెరలు, ఖాళీ కొట్లు. కానీ బెంచీ దగ్గర జనం మాత్రం పెరిగారు. రెండు బెంచీలు చాలక నిలబడేవారు. మాపుల్ గ్రోవ్‌లో 2006లో పెద్ద గుడి కట్టాక, వారమంతా ఇక్కడ మొదలైన మాట ఆదివారం అక్కడ పూర్తయ్యేది. కొట్టు కొట్టూ మూతపడుతుంటే మనుషులు పెరగడం ఏమిటని నేనన్నాను. "కొనేవాళ్ళు పోయారు, కూర్చునేవాళ్ళు మిగిలారు. ఆ వియన్నా ఆయన అడిగింది వీళ్ళనే కదా" అన్నారు నాన్న. మాల్ యజమానులకు ఈ లెక్క నచ్చుతుందా అంటే నవ్వారు. నచ్చదు. అద్దె మేము కట్టడం లేదు. ఒకసారి కొత్తగా వచ్చిన కాపలాదారు మా పులిహోర డబ్బాల వంక అనుమానంగా చూస్తే, తహశీల్దారు గారు లేచి వెళ్ళి అతనికి కూడా ఒక కాగితం పళ్ళెంలో పెట్టించారు. ఇల్లు కాని చోట ఇల్లులా కూర్చుంటున్నామని మా అందరికీ ఎక్కడో తెలుసు.

ఇండియా వెళ్ళాక నాన్నకు ఒక పరాభవం జరిగింది. మా ఊళ్ళో అప్పటికి మెరిసే మాల్ ఒకటి వచ్చింది. ఏసీ, ఎస్కలేటర్లు, గాజు గోడలు. ఎండాకాలం పొద్దున్న ఎనిమిదింటికి నాన్న బూట్లు వేసుకుని, జేబులో గింజలు వేసుకుని వెళ్ళారు. కాపలాదారు ఆపి, ఇంకా తెరవలేదు, పదకొండింటికి రండి, ఏం కొనాలి అని అడిగాడు. ఏమీ కొనను, నడవడానికి వచ్చాను అన్నారు నాన్న. అతను అర్థంకాక పై అధికారిని పిలిచాడు. పై అధికారి మర్యాదగానే, ఇది పార్కు కాదు సార్ అన్నాడు. నాన్న అతనికి నిలబెట్టి 1956 నుంచి మొదలుపెట్టి చరిత్ర మొత్తం చెప్పారట, 239 రోజులతో సహా. విన్నాడు కానీ తలుపు తీయలేదు. నాన్న కాలువ గట్టు మీదికే తిరిగి వెళ్ళారు.

2016లో నాన్న పోయారు. మర్నాటి ఏడాది సౌత్‌డేల్‌లో జేసీ పెన్నీ మూసేశారు. ఆ చివర మొత్తం పడగొట్టి, 2019 డిసెంబరుకల్లా లైఫ్ టైమ్ అనే పెద్ద వ్యాయామశాల కట్టారు. కార్ల మైదానంలో ఒక మూల అపార్ట్‌మెంట్లు లేచాయి. పక్కనే హోటలు, ఆసుపత్రి, లోపల కొట్లు, నడక దూరంలో ఇళ్ళు. అరవై ఏళ్ళు ఆలస్యంగా గ్రుయెన్ గీసిన కాగితంలో కొన్ని గళ్ళు ఎవరో నింపుతున్నట్టుంది. మార్చి 2020లో కరోనాకు మాల్ మూసినప్పుడు మాత్రం గుండె గుభేలుమంది. ఇక తెరవరనుకున్నాను. తెరిచారు.

నాకు ఇప్పుడు యాభై దాటాయి. డాక్టరు నన్నూ రెండు మైళ్ళు నడవమన్నాడు. మా ఇల్లు ఇప్పుడు దూరం, అయినా శనివారాలు అక్కడికే వెళతాను. చెట్లు అలాగే ఉన్నాయి. ఎడమ జేబులో ఐదు గింజలు వేసుకుని నాన్న దారిలోనే తిరుగుతాను. కానీ చేతి గడియారంలో చూస్తే ఐదు చుట్లకు రెండు మైళ్ళు రావడం లేదు. పెన్నీస్ పోయింది కదా, ఆ చివరిదాకా వెళ్ళి ఎస్కలేటర్ ఎక్కే దారి లేదు. చుట్టు చిన్నదైపోయింది. ఆరు తిరిగినా ఇంకా కొంచెం తక్కువే.

మొన్న అమ్మతో ఫోనులో ఈ మాటే చెప్పాను. నాన్న లెక్క ఇప్పుడు సరిపోవడం లేదమ్మా, ఐదు చుట్లు చాలడం లేదు అని.

"ఐదా?" అంది అమ్మ. "ఆయన ఏనాడు తిరిగారే ఐదు చుట్లు? మూడు తిరిగి వచ్చి కూలబడేవారు. మిగతా రెండు గింజలూ ఆ నర్సమ్మతో కబుర్లు చెబుతూ బెంచీ మీదే జేబు మార్చేసేవారు."